దివి దిబ్బపై ఒక రోజు

తుపాను కాలము వచ్చినదనగా మా స్టూడియోలో ఒక వాక్యము తరచుగా వినిపించును. "సముద్రము అల్లకల్లోలముగా ఉండును, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు." ఇరువది సంవత్సరములుగా ఈ వాక్యమును మేము ఎన్ని పర్యాయములు చదివినామో లెక్క లేదు. ఎర్రదీపము వెలుగును. కాగితము ముందుంచుకొని, గొంతు సవరించుకొని, తడబడకుండ చదువుదుము. దీపము ఆరును. కాగితము దస్త్రములో చేరును. ఆ సమయమున విజయవాడలోను, గుంటూరులోను, ఏలూరులోను మా శ్రోతలలో పలువురు భోజనమునకు లేచుచుందురు. వారికి ఆ వాక్యముతో పని లేదు. ఎవరికి పని ఉన్నదో వారిని మేము ఎన్నడును చూచి ఎరుగము.

ఈ సంగతి ఒకనాడు మా మనస్సున తట్టినది. జాబు వ్రాసి, పైన చిరునామా వ్రాయకుండ తపాలా పెట్టెలో వేయువానికిని మాకును భేదమేమి? అందుచేత ఇటీవల ఒక కార్తీక మాసమున రెండు దినములు సెలవు తీసికొని, ఆ చిరునామా వెదకికొనుచు బయలుదేరినాము. ఆ ప్రయాణమును గురించియే నేటి ప్రసంగము.

విజయవాడలో ప్రకాశం బ్యారేజి మీద నిలిచి చూచినచో కృష్ణమ్మ పెద్ద చెరువు వలె నిండుగా కనిపించును. 1855లో పూర్తియైన పాత ఆనకట్టకు బదులుగా 1957లో ఈ బ్యారేజి వెలసినది. ఇచ్చట నీరు కాలువలలో ప్రవేశించి డెల్టా పొలములకు పంచబడును. పట్టణవాసులమైన మనకు కృష్ణ కథ ఇచ్చటితో ముగిసినట్లే తోచును. నిజమునకు నదికి చెప్పవలసిన మాట ఇంకను చాల ఉన్నది. ఆ మాట వినవలెనన్నచో ప్రవాహము వెంట దిగువకు పోవలెను.

ఉయ్యూరు, పామర్రు దాటి, కూచిపూడి మీదుగా చల్లపల్లి చేరినాము. దారికి అనతిదూరమున ఘంటసాల ఉన్నది. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టాలమీ అను భూగోళ శాస్త్రజ్ఞుడు పేర్కొన్న రేవు ఇదియేయని పండితులు చెప్పుదురు. నేడు అచ్చట ఓడలు లేవు, సముద్రము లేదు. బౌద్ధస్తూపపు శిథిలములు ఉన్నవి, చుట్టును వరిచేలు ఉన్నవి. నది మోసికొనివచ్చిన ఒండ్రు సముద్రమును వెనుకకు నెట్టినది. ఈ సీమలో నేల, నీరు ఎడతెగని వ్యాజ్యములో ఉన్నవి. నేల మెల్లగా, శతాబ్దములు పట్టి గెలుచుకొనును. నీరు ఒక్క రాత్రిలో తిరిగి తీసికొనును.

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరునికి నమస్కరించి పులిగడ్డకు పోయినాము. ఇచ్చట కృష్ణ రెండుగా చీలును. ఒక పాయ తూర్పుగా సాగి హంసలదీవి వద్ద సాగరసంగమము చేయును. పెద్దపాయ దక్షిణముగా పోయి, మరల పాయలై సముద్రమున కలియును. ఈ పాయలకును సముద్రమునకును నడుమ చిక్కిన నేలయే దివిసీమ. ద్వీపము అను మాటయే వాడుకలో దివి అయినదని పెద్దలందురు. పులిగడ్డ అక్విడెక్టులో కాలువ నీరు నదిపాయను దాటి దివిసీమకు చేరును. క్రింద నది, పైన కాలువ. ఈ దీవికి కృష్ణయే ఎల్ల, కృష్ణయే అన్నదాత.

అవనిగడ్డ దాటిన పిమ్మట ఊళ్ళ పేర్లు వినుచు పోవుట ఒక వేడుక. నాగాయలంక, పాలకాయతిప్ప, సొర్లగొంది, నాచుగుంట, ఏటిమొగ, ఈలచెట్లదిబ్బ. లంక అనగా ఏటి నడుమ మెరక. తిప్ప అనగా ఇసుకమేట. గొంది అనగా ఇరుకైన సందు. మొగ అనగా నది ముఖము. వీనిలో చక్రవర్తుల పేర్లు లేవు, పురములు లేవు. నీటికి ఎంత ఎత్తున, ఎంత దూరమున ఉన్నామో చెప్పుటకే ఈ పేర్లు పుట్టినట్లున్నవి. మా హెచ్చరికలో లేని సమాచారము వారి ఊరి పేరులోనే ఉన్నదని అప్పుడు మాకు తోచలేదు. తరువాత తెలిసినది.

ఏటిమొగ రేవున పంటు ఎక్కినాము. దాని మీద మోటారు సైకిళ్ళు, బియ్యపు బస్తాలు, గ్యాసు బండలు, పుస్తకముల సంచులతో పిల్లలు, ఒడిలో పసికందుతో పుట్టింటి నుండి మరలివచ్చుచున్న ఒక బాలింతరాలు. అందరును ఒకరినొకరు ఎరిగినవారే. మేము ఒక్కరమే కొత్త. ఎదురుమొండి దీవిలో దిగి, ఆవలి వైపునకు పోయి, మరల మోటారు పడవ ఎక్కినాము. అచ్చట నుండి మడ అడవి.

మడ అడవిని గూర్చి పుస్తకములలో చదివినది వేరు, దాని నడుమ పోవుట వేరు. పాటు సమయము, నీరు దిగిపోయి బురదగట్లు బయటపడి ఉన్నవి. ఆ బురదలో నుండి వేలకొలది మేకులు దిగగొట్టినట్లు వేళ్ళు పైకి లేచి ఉన్నవి. ఉప్పు బురదలో ప్రాణవాయువు చాలదు గనుక ఈ చెట్లు వేళ్ళను పైకెత్తి గాలి పీల్చుకొనును. తిల్ల చెట్టు కొమ్మ పడవకు తగులబోగా సరంగు మమ్ము ప్రక్కకు లాగినాడు. దాని పాలు కంట పడినచో చూపునకే ముప్పట. 1989లో ఈ ప్రాంతమున కృష్ణా అభయారణ్యము ఏర్పడినది. నీటిలో దిగి చేపలను పట్టు బావురుపిల్లి ఇచ్చట ఉన్నది. మాకు కనబడలేదు. బురద మీద దాని అడుగులను మాత్రము సరంగు చూపినాడు.

అడవి ముగిసినది. ఎదుట ఇసుక, దానికావల సముద్రపు హోరు. ఇసుకమెరక మీద ఈలచెట్లదిబ్బ.

పట్టణమున మనము నిశ్శబ్దమనునది శబ్దము లేకపోవుట. ఇచ్చట హోరు ఎప్పుడును ఉన్నది, అయినను నిశ్శబ్దముగనే ఉన్నది. ఇంటి ముంగిళ్ళలో వలలు ఆరవేసి ఉన్నవి. ఒక యువకుడు చిరుగు వలను కాలిబొటనవ్రేలికి తగిలించి బిగించుకొని, చేతిలోని కదురుతో కన్ను వెనుక కన్ను అల్లుచున్నాడు. స్త్రీలు నెత్తళ్ళను ఇసుకపై ఎండబెట్టుచున్నారు. పిల్లలు మండపీతల కాళ్ళను నారతో కట్టి బుట్టలో వేయుచున్నారు. ప్రాణముతో ఉన్న మండపీతకే ధర గనుక కట్టు జారరాదు, పీత చావరాదు. ఆరేళ్ళ పిల్లవాని వ్రేళ్ళకు ఆ నేర్పు ఉన్నది.

దాహమడుగగా ఒక ఇల్లాలు చెలమ నుండి తెచ్చిన నీరు ఇచ్చినది. మూడు దిక్కుల ఉప్పునీరుండగా ఈ తీపినీరు ఎచ్చటిదని మేము ఆశ్చర్యపడినాము. వాన నీరు ఇసుకలో ఇంకి, ఉప్పునీటి కన్న తేలికయైనది గనుక దానిపై పలుచని పొరగా నిలుచును. కొద్దిలోతు తవ్వినచో తీపి. ఆశపడి లోతుగా తవ్వినచో ఉప్పు. "ఎంత కావాలో అంతే తోడుకోవాలి బాబూ" అన్నదామె. శాస్త్రజ్ఞులు చెప్పు మాటయు అదియే.

అచ్చటి కాలమానము గడియారమునకు లొంగదు. దినమునకు రెండు పోట్లు, రెండు పాట్లు. నేటి పోటు కన్న రేపటి పోటు సుమారు 50 నిమిషములు ఆలస్యము. అమావాస్యకు, పున్నమికి పెద్దపోటు, అష్టమికి చిన్నది. ఏ తిథినాడు ఏ వేళ పడవ దించవలెనో, ఏ వేళ మొగ దాటవలెనో వారికి కంఠస్థము. మనకు పంచాంగము పండుగలు తెలుపును. వారికి చంద్రుడే పనివేళలు నిర్ణయించును.

మేము వచ్చిన పని విని, ఊరివారు మమ్మొక పెద్దాయన వద్దకు తీసికొనిపోయినారు. డెబ్బది దాటిన వయస్సు, ఉప్పుగాలికి కరుడు గట్టిన ఒళ్ళు. చూరుకు ఒక చిన్న ట్రాన్సిస్టరు, దానికి పాలిథీన్ తొడుగు. మేము ఎవరమో చెప్పగనే ఆయన కన్నులు మూసికొని, "ఏదీ, 'మత్స్యకారులు వేటకు' అనండి బాబూ" అన్నారు. మేము అన్నాము. ఆయన కన్నులు తెరచి నవ్వినారు. "మీరేనండీ. ఆ 'వెళ్ళరాదు' దగ్గర కాస్త దిగుతారు మీరు."

ఇరువది ఏండ్లలో మా గొంతును గూర్చి అంత సూక్ష్మముగా చెప్పిన విమర్శకుడు మరొకరు లేరు.

"ఆ మాట చదవగానే మీకు ఏమనిపిస్తుంది తాతగారూ?" అని అడిగినాము. సమాధానము ప్రక్కన చేపలు తిరుగవేయుచున్న ఇల్లాలి నుండి వచ్చినది. "మీరు వెళ్ళొద్దన్న రోజు మా పొయ్యి మీద కూరుండదు బాబూ. షావుకారి పద్దు మాత్రం ఆగదు. అయినా చెప్పండి. చెప్పకపోతే మనుషులే ఉండరు."

ఆమె నిష్ఠురమాడలేదు. ఉన్నమాట చెప్పినది. చేపలు గుడ్లు పెట్టు కాలమని ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పుతీరమున మరపడవల వేటకు నిషేధము. అది ముందుగా తెలిసినది, దానికి ప్రభుత్వము భృతి ఇచ్చును. కాని తుపాను కాలమున మేము చదువు వాక్యమునకు భృతి లేదు. అది చదివిన ప్రతిసారియు కొన్ని వందల పొయ్యిలపై నుండి కూరకుండ దిగిపోవును. మేము నీటిగ్లాసు ప్రక్కన పెట్టుకొని చదివిన ఆ ఆరు మాటల వెల అది. ఆ వెల ఎరుగకయే ఇంతకాలము చదివినాము.

ప్రొద్దు వాలుచుండగా పెద్దాయన 1977 సంగతి ఎత్తినారు. మేము అడుగుటకు సంకోచించినాము. ఆయనయే చెప్పినారు.

"అప్పుడు మా వాళ్ళం ఈ దిబ్బ మీద లేము, ఒడ్డున ఉండేవాళ్ళం. కార్తీకమాసమే. శనివారం. పెద్ద గాలివాన వస్తుందని రేడియో విన్నవాళ్ళు వచ్చి చెప్పారు. చెప్పలేదని నేననను. గాలివాన మాకు కొత్తా బాబూ? పడవలు మెరక మీదికి లాగాం. ఇంటి కప్పు మీద తాళ్ళు వేసి కట్టాం. గాలికి ఏం చెయ్యాలో అంతా చేశాం. వచ్చింది గాలి కాదు."

కొంతసేపు ఊరకున్నారు.

"నీళ్ళు వస్తాయని ఎవరూ అనలేదు. ఎందాకా వస్తాయో అసలే అనలేదు. నల్లగా గోడ లేచినట్టు లేచింది. నేను తుమ్మచెట్టు పట్టుకున్నాను. ముళ్ళు దిగాయి, అందుకే చెయ్యి జారలేదు. మా అమ్మ చేతిలో మా చెల్లెలుంది. అమ్మ ఏ చెట్టూ పట్టుకోలేదు. రెండు చేతులూ పిల్లనే పట్టుకుంది."

ఆ మాటకు మేమేమియు బదులు చెప్పలేకపోయినాము.

1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఆ ఉప్పెనలో మరణించినవారు పదివేలకు పైబడినారు. సముద్రము సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి నేలపై మైళ్ళకొలది పరుగెత్తినది. నీరు ఎంతవరకు చొచ్చుకొని వచ్చినదో ఆ తావున, అవనిగడ్డ సమీపమున, స్మారకచిహ్నము నిలిపినారు. తరువాతి సహాయ కార్యక్రమములలో నాటి మంత్రి మండలి వెంకటకృష్ణారావుగారి కృషిని దివిసీమవారు నేటికిని తలచుకొందురు. అంతకు పూర్వము, 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నము, దాని పరిసరములలో సుమారు 30,000 మంది మరణించినారు. అనగా ఈ తీరమునకు ఇది తెలియని శత్రువు కాదు. వ్యవధి మాత్రము మూడు తరములకు పైబడినది. మూడు తరములలో మనుష్యులు మరచిపోవుదురు.

1977లో తుపాను తీరము దాటినది దివిసీమ వద్ద కాదు. దానికి పడమరగా, చీరాల వైపున. అయినను ఎక్కువగా మునిగినది దివిసీమయే. దానికి కారణము ఉన్నది. మన అర్ధగోళమున తుపాను గాలులు గడియారపు ముల్లు తిరుగు దిశకు ఎదురుగా తిరుగును. తుపాను తీరమునకు వచ్చుచుండగా దాని కుడిప్రక్కన గాలి సముద్రము నుండి నేలమీదికి వీచును. ఎడమప్రక్కన నేల నుండి సముద్రము మీదికి వీచును. కుడిప్రక్కన నీరు నేలపైకి నెట్టబడును. తీరము వద్ద సముద్రము లోతు తక్కువయైనచో ఆ నీటికి పోవుటకు తావు చాలక పైకి లేచును. కనుక తుపాను ఎచ్చట తీరము దాటునో వినుట చాలదు. మన ఊరు దానికి కుడిచేతి వైపా, ఎడమచేతి వైపా అనునది ప్రాణములకు సంబంధించిన ప్రశ్న.

ఈ మాట మేము శాస్త్రగ్రంథములలో చదివి తెలిసికొన్నాము. ఆ పెద్దాయన ఇసుకలో వ్రేలితో సున్న చుట్టి, దానికి బాణపు గుర్తు పెట్టి మాకు చూపినారు.

అటుపిమ్మట ఆయన నెంబర్ల మాట అడిగినారు. "మచిలీపట్నం రేవులో మూడో నెంబరు అంటారు, పదో నెంబరు అంటారు. అవి ఎవరికి బాబూ?" రేవులలో ఎగురవేయు ప్రమాద సూచికలు 11. మొదటి రెండును దూరపు ముప్పును తెలుపును. 3, 4 రేవునకు స్థానికమైన గాలివానను తెలుపును. 5 నుండి 7 వరకు అపాయము, 8 నుండి 10 వరకు మహాపాయము. ఇవి మొదట ఓడల నాయకుల కొరకు ఏర్పడిన గుర్తులు. ఓడ నాయకునికి నెంబరు వినగనే చేయవలసిన పని తెలియును. పూరింటిలో ఉన్న తల్లికి ఏమి తెలియును?

"పదకొండో నెంబరంటే?" అని ఒక కుర్రవాడు అడిగినాడు. తుపాను హెచ్చరిక కేంద్రముతో సంబంధములు తెగిపోయినవని దాని అర్థము. అనగా ఆపై చెప్పువారు లేరు. అది విని పెద్దాయన, "అయితే అప్పటికి మాకు తెలిసినదే మాకు దిక్కు" అన్నారు. మా వృత్తిని గూర్చి అంతకన్న సూటియైన మాట మేము వినలేదు. టవరు కూలవచ్చును, కరెంటు పోవచ్చును, చివరకు మా గొంతును ఆగిపోవచ్చును. ఆ ఘడియలో ఉపయోగపడునది అంతకు ముందు వారికి అర్థమైనట్లు చెప్పిన మాటయే.

ఆ కుర్రవాడు మరొక ప్రశ్న వేసినాడు. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపమున మిచౌంగ్ తుపాను తీరము దాటినప్పుడు హెచ్చరికలలో విన్న మాటయట. "'ఖగోళ పోటు కన్నా ఒక మీటరు ఎక్కువ' అంటారు. ఖగోళమంటే ఆకాశం కదండీ? పోటు ఆకాశంలోంచి వస్తుందా?" పిల్లలు నవ్వినారు. మేము సమాధానమునకు తడుముకొన్నాము. పెద్దాయన తడుముకొనలేదు. "ఆకాశంలోంచేరా. చందమామ లాగే పోటు అది. దాని మీద గాలి తోసే నీళ్ళు ఇంకో మీటరన్నమాట."

అప్పుడాయన మమ్ము రేవు వద్దకు తీసికొనిపోయినారు. అచ్చట పాతిన తాటిమొద్దు మీద సున్నముతో గీసిన గీత ఒకటి ఉన్నది. అది కార్తీకపున్నమి పోటు ఎక్కు చోటు. "దీని మీద మోకాటి బంటి అంటే పడవలు చూసుకోవాలి. నడుము బంటి అంటే పిల్లల్ని, ముసలివాళ్ళని దాటించాలి. మెడ బంటి అంటే ఎవరూ ఉండకూడదు. మీటర్లు మాకెందుకు బాబూ? పున్నమి గీత మీద ఎంతో చెప్పండి. మూడేళ్ళ పిల్లకు కూడా తెలుస్తుంది."

న్యాయము చెప్పవలెనన్నచో 1977 నాటి స్థితి నేడు లేదు. 1990 మే 9న కృష్ణ ముఖద్వారము వద్దనే మరొక భీకరమైన తుపాను తీరము దాటినది. అప్పుడు 1,50,000 మందికి పైగా ముందుగా సురక్షిత స్థలములకు తరలింపబడినారు. రాష్ట్రమున సుమారు 970 మంది మరణించినారు. అదియును తక్కువ సంఖ్య కాదు. కాని పదమూడు సంవత్సరముల క్రిందటి లెక్కతో పోల్చినచో ముందు మాటకు ఉన్న విలువ తెలియును. తీరమున తుపాను రక్షణ భవనములు లేచినవి, సరుగుడు తోటలు పెరిగినవి. 2004 డిసెంబరు 26న గాలిలేని ఉదయమున సునామీ వచ్చి మరియొక పాఠము నేర్పినది. 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రము ఏర్పడినది. ఉపగ్రహములు చూచిన సముద్రపు వేడిని, రంగును బట్టి చేపలు ఎచ్చట దొరకునో కూడ ఆ సంస్థ తెలుపుచున్నది. ఉప్పెన ఎంత ఎత్తున రాగలదో నేటి హెచ్చరికలలో ఉన్నది. శాస్త్రజ్ఞులు తమ పని చేసినారు. చివరి మెట్టు ఒక్కటి మిగిలినది. ఆ సంఖ్యను తాటిమొద్దు మీది గీతగా మార్చుట. అది శాస్త్రజ్ఞుని పని కాదు. మాట చెప్పువారి పని. అనగా మా పని.

దీపములు వెలిగించు వేళ ట్రాన్సిస్టరును చూరు నుండి దించినారు. పదిమంది చుట్టును చేరినారు. వార్తలు వచ్చినవి. ఆనాడు చదువుచున్నది మా సహోద్యోగి. రాజకీయములు వచ్చినప్పుడు మాటలు సాగుచునే ఉన్నవి. చివర వాతావరణము అనగనే వల అల్లువాని చేయి ఆగినది. ఏడ్చు పిల్లను తల్లి భుజమున వేసికొన్నది. "ఆగ్నేయ బంగాళాఖాతములో అల్పపీడనము ఏర్పడినది. అది పశ్చిమ వాయవ్య దిశగా పయనించవచ్చును." అంతే. తరువాత సంగీతము.

ఎవరును లేవలేదు. అందరును పెద్దాయన వైపు చూచినారు. ఆయన సముద్రము వైపు ఒకసారి, చంద్రుని వైపు ఒకసారి చూచి చెప్పినారు. "దూరాన పుట్టింది. రేపు పోవచ్చు, పొద్దెక్కక ముందే తిరిగొచ్చెయ్యాలి. ఎల్లుండి సాయంత్రం మళ్ళీ విందాం. పున్నమి నాలుగు రోజులుంది, పోటు పెరుగుతుంది. పెద్ద పడవని ఇప్పుడే మెరకెక్కించండి." అప్పుడు లేచినారు.

మేము చదువు వార్త ముగిసిన చోట అసలు వార్త ఆరంభమగుట ఆ రాత్రి చూచినాము. మా భాషను ఆయన వారి భాషలోనికి మార్చిన తరువాతనే అది హెచ్చరిక అయినది. ఇన్నేళ్ళు మా వాక్యము ఊరు చేరుట ఆయన వంటి వారి వలననే గాని మా వలన కాదు. "మీ తరువాత ఎవరు చెబుతారు తాతగారూ?" అని అడిగినాము. "మీరు సరిగ్గా చెబితే నేను అక్కర్లేదుగా బాబూ" అన్నారు.

మరునాడు తెల్లవారకముందే పడవలు పోయినవి, ఎండ ముదరకముందే వచ్చినవి. మాగ, పండుగప్ప, కొన్ని రొయ్యలు. గంపలకెత్తుకొని స్త్రీలు మాతోబాటు పడవ ఎక్కినారు. దారిలో ఒకామె ఇసుకతీరము చూపి, శీతకాలము గడుచుచుండగా సముద్రపు తాబేళ్ళు ఇచ్చట గుడ్లు పెట్టుననియు, అటవీశాఖవారు ఆ గుడ్లను దడి కట్టిన తావులలో కాపాడి పిల్లలను సముద్రములో విడుతురనియు చెప్పినది. "వాటికి నీళ్ళు ఎందాకా వస్తాయో తెలుసు బాబూ. పోటు గీత దాటి వచ్చి పెడతాయి" అన్నదామె. మేము నవ్వినాము గాని ఆ మాట మనస్సున నిలిచిపోయినది.

ఈ సీమ ఎల్లకాలము ఇట్లే ఉండదు. నాగాయలంక మండలమున క్షిపణి పరీక్షా కేంద్రమునకు 2025 మే 2న శంకుస్థాపన జరిగినది. మోటార్లు వచ్చినవి, ఫోనులు వచ్చినవి. యువకులు పట్టణములకు పోవుచున్నారు. తాటిమొద్దు గీతను చదువువారు తగ్గిపోవుచుండగా మీటర్లను చదువుటయు సరిగా రానిచో, ఆ నడిమి తరము ఎక్కువ ప్రమాదమున పడును. మా భయము అది.

ఇది సముద్రపుటొడ్డు వారి గొడవ, మనకెందుకని శ్రోతలు అనుకొనరాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగరు ప్రాంతమెల్ల మునిగినది. ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులు దాటినదని ఊరంతయు విన్నది. క్యూసెక్కులు విన్నవారిలో తమ వీధిలో నీరు ఏ మెట్టు వరకు వచ్చునో తెలిసినవారు ఎందరు? ఆనాడు పట్టణమున మేడలపై నిలిచిన మనము అడిగిన ప్రశ్నయు, 1977లో తుమ్మచెట్టు పట్టుకొన్న యువకుడు అడిగిన ప్రశ్నయు ఒక్కటే. నీరు ఎందాక వచ్చును?

మేము తిరిగివచ్చిన మూడవనాడు స్టూడియోలో కాగితము మా చేతికి వచ్చినది. "అల్పపీడనము బలహీనపడినది." పూర్వమైనచో అది వార్త కానట్టి వార్త. ఆనాడు ఆ మాట చదువునప్పుడు, మెరకెక్కించిన పెద్ద పడవను మరల నీటిలోనికి దించువారు కన్నులకు కట్టినారు. "బలహీనపడినది" వద్ద మా గొంతు కొంచెము పైకి లేచినదేమో. పెద్దాయనకు తెలిసియే ఉండును.

ఆ పిమ్మట మేము ఒక చిన్న అలవాటు చేసికొన్నాము. హెచ్చరిక కాగితము చేతికి రాగనే, సంఖ్య ఉన్నచోట ప్రక్కన పెన్సిలుతో మోకాటి బంటియా, నడుము బంటియా, మెడ బంటియా వ్రాసికొందుము. అనుమతి ఉన్నంత మేర ఆ మాటయు చదువుదుము. "వేటకు వెళ్ళరాదు" అనుటకు ముందు ఒక క్షణము ఆగుదుము. ఆ క్షణములో ఏ పొయ్యి ఆరునో తెలిసియే చదువుచున్నాము.

శ్రోతలకు ఒక మనవి. ఇకమీదట ఆ వాక్యము వినబడినప్పుడు రేడియో కట్టివేయకుడు. మీ ఇంట పిల్లలున్నచో, దివి ఎచ్చట ఉన్నదో వారికి పటమున చూపుడు. మీ వీధిలో గత వరదకు నీరు నిలిచిన చోట గోడ మీద ఒక గీత గీయుడు. ఇంటివారందరును దానిని ఎరిగియుండుట మంచిది.